చిల్లు లేని బండి

ముందే చెప్పేస్తున్నాను, దాచి ప్రయోజనం లేదు: ఈ కథ చివర నేను నిలువునా తడిసిపోతాను. వానలో కాదు. గోదావరిలోనూ కాదు. నిప్పులు చెరిగే ఎండలో, బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి ఎదుట, వెల్లకిలా పడుకుని ఉండగా! ఆ తడి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే మీ టీ చల్లారేదాకా ఓపిక పట్టాలి. నేనేదీ గబగబా చెప్పలేను. కాలేజీలోనూ ఇంతే. గంట కొట్టే వేళకు నేనింకా ఉపోద్ఘాతంలోనే ఉంటాను.

మాది నరసాపురం అవతల, సముద్రపు హోరు వినబడేంత దగ్గరలో ఉన్న చేపల పల్లె. నేను చదువుకుని పాలకొల్లులో లెక్చరరుగా స్థిరపడ్డాను. అన్నయ్య అక్కడే ఉండిపోయాడు. కాకపోతే పడవ మానేసి బండి కొన్నాడు. చిన్న ట్రక్కు. రేవులో చేపలెత్తుకుని, ఐసు పోసుకుని, తెల్లారేసరికి పాలకొల్లుకో నిడదవోలుకో చేర్చేవాడు. ఒకే తల్లి కడుపున పుట్టి మేమిద్దరం రెండు విధాలుగా బతికాం. నేను మాటలు చెప్పుకుని బతికాను, ఆయన మాటలు లేకుండా బతికాడు. కిందటి కార్తీకంలో ఒక ఉదయం, రేవు దగ్గర, బండి తలుపు తెరిచి ఎక్కబోతూ కూలబడ్డాడు. ఆ పోవడం కూడా ఎవరికీ ఒక మాట చెప్పకుండానే పోయాడు.

మా మంగ వదిన ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి నన్ను "మరిదిగారూ..." అని సాగదీసి పిలిచేది. ఆ దీర్ఘంలోనే నా చదువూ, నా ఇస్త్రీ చొక్కా, నా కళ్ళజోడూ అన్నీ కొట్టుకుపోయేవి. అన్నయ్య పోయాక ఆ సాగదీత పోయింది. ఉత్తగా "మరిదిగారు" అనేది, రేషను కార్డులో పేరు చదివినట్టు. ఆమె ఏడ్చినప్పుడు కూడా నాకంత దిగులు కలగలేదు.

వదినా, డ్రైవరు ఏసుబాబూ కలిసి బండి నడుపుకొస్తున్నారు. ఏసుబాబు ఆదివారాలు చర్చిలో పాటలు పాడించే మనిషి. ఆ గొంతు మూలాన చెడ్డ వార్త కూడా రాగయుక్తంగా చెబుతాడు. వేసవిలో ఎఫ్‌సీ గడువు దగ్గర పడింది. అంటే బండి ఇంకా రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు చూసి ఇచ్చే కాగితం. అది లేకపోతే బండి కదలకూడదు.

"ఛాసీ అంతా తుప్పేనండి మాస్టారు," అన్నాడు ఏసుబాబు, నేను సెలవులకు పల్లెకు వెళ్ళినప్పుడు. "గోటితో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తోందండి. ఈ వాలకం చూస్తే ఎఫ్‌సీ ఇవ్వరండి."

"అన్నయ్య ఉన్నప్పుడు?"

"ఆయన ఏటా ఎండల్లో గీకి రంగేసుకునేవారండి. ఒక్కరే. నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఎండ తగుల్తుంది, నువ్వెళ్ళరా అనేవారు."

వదిన చేపల గంపలు కడుగుతూ తలెత్తకుండానే చెప్పింది. "సామర్లకోట నుంచి తుక్కు కొనే ఆయన ఫోన్లు చేస్తున్నాడు. ఎఫ్‌సీ వస్తే బండి ఉంటది. రాలేదంటే ఇచ్చేత్తాను. రొయ్యల కంపెనీలో తలలు ఒలిచే పని ఉందంట, అందులో చేరిపోతాను."

సొంత బండి మీద చేపలమ్మిన మనిషి, రబ్బరు బూట్లు వేసుకుని వరసలో నిలబడి రొయ్య తలలు ఒలవడం! నాకు కళ్ళముందు కనబడింది. ఆ బండి కదిలినంత కాలమే ఆ ఇంట్లో అన్నయ్య తాలూకు చప్పుడంటూ ఒకటి ఉంటుందని కూడా తోచింది. ఇలాంటివి తోచినప్పుడు నా నోరు నా అధీనంలో ఉండదు.

"రంగు నేను వేస్తాను," అన్నాను.

గంప కడగడం ఆగింది.

"షెడ్డుకి ఇచ్చేద్దామండి, వాళ్ళే చూసుకుంటారు," అన్నాడు ఏసుబాబు మెల్లగా.

"అన్నయ్య ఇచ్చాడా షెడ్డుకి?"

"లేదండి."

"మరి?"

ఆ 'మరి?' అన్న మాటలో నేను చూపించిన ధీమా తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మా పెరట్లో, పడవలు ఒడ్డుకు లాగి నిలబెట్టే వాలులో, బండిని ఎత్తి దుంగలు పేర్చి నిలబెట్టాం. మా ఊళ్ళో ఎత్తి నిలబెట్టినదేదైనా పడవే. వదిన వచ్చి బానెట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టింది, సీజనుకు ముందు పడవ ముక్కుకు పెట్టినట్టే. నేను గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాను.

బండి కింద పడుకోవడం ఒక వింత అనుభవం. పైన మనం చూసేదంతా అలంకారం. కింద ఉన్నదే బతుకు. రెండు పొడుగాటి ఇనుప దూలాలు, లోపల బోలుగా ఉండే పెట్టెల్లాంటివి, వాటి మధ్య అడ్డపట్టీలు. మొత్తం బరువంతా మోసేది ఛాసీ అనే ఆ చట్రమే, దాని ముఖం చూసేవాడు లేడు. సముద్రపు గాలి, చేపల మీంచి కారే ఉప్పు కలిసిన ఐసు నీళ్ళు, గతుకుల్లో ఎగిరే బురద దాన్ని కొరుక్కు తిన్నాయి. తుప్పు అనేది ఇనుముకు పట్టిన జబ్బు అనుకుంటాం. నాకక్కడ పడుకుని చూస్తే అలా అనిపించలేదు. భూమిలోంచి బలవంతాన తెచ్చిన ఇనుము, ఎవరికీ చెప్పకుండా, ఎర్రమట్టిగా మారి మెల్లగా తన ఊరికి తిరిగి వెళ్ళిపోతోంది. మనం రంగు వేసేది ఆ ప్రయాణాన్ని ఒక ఏడాది వాయిదా వేయడానికే.

ఈ ఆలోచన పూర్తయ్యేలోగా ఒక పెద్ద తుప్పు పెచ్చు ఊడి నా నోట్లో పడింది.

"ఏంటండి మాస్టారు, దగ్గుతున్నారు?"

"ఏం లేదు. పని జరుగుతోంది."

రంగు వేయడమన్నది అసలు పనిలో ఆఖరి చిన్న ముక్క. ముందు బురద కడగాలి. ఆరాక వైరు బ్రష్షుతో వదులు తుప్పంతా రాల్చాలి. గరుకు కాగితంతో ఇనుము తళుక్కుమనేదాకా రుద్దాలి. థిన్నరు గుడ్డతో జిడ్డు తుడవాలి. ఆ తర్వాతే ఎర్ర ప్రైమరు, అది గట్టిపడ్డాకే నల్ల రంగు. మా పల్లెలో పొద్దున్నే మంచు తడి, సాయంత్రం సముద్రపు తడి. మధ్యాహ్నం ఒక్కపూటే ఇనుము పొడిగా ఉంటుంది. కనుక సరిగ్గా ఆ మండుటెండలోనే, భుజాలు పట్టేసి, కళ్ళలో తుప్పు పడుతుంటే పని చేశాను. అన్నయ్య ఏటా ఇదంతా ఒక్కడే చేసేవాడని తలుచుకుంటే, ఆయన మౌనం కొంత అర్థమైంది. నోరు తెరిస్తే పెచ్చు పడుతుంది.

అప్పుడే ఆ పుల్లలు కనబడ్డాయి.

దూలాల అడుగున అక్కడక్కడా గుండ్రటి చిల్లులున్నాయి. ప్రతి చిల్లులోనూ ఒక కొబ్బరి ఈనె, లోపలి కొస మెలితిప్పి, కింద పడిపోకుండా వేలాడుతోంది. బురద కట్టి, నల్లబడి, ఎలుక గూట్లోంచి లాగినట్టున్నాయి. ఒకటి పీకి వదినకు చూపించాను.

"ఇదేంటి వదినా?"

"ఈనె."

"ఈనె అని తెలుసు. ఎందుకు పెట్టాడని?"

"ఏటా చీరి ఇమ్మనేవాడు. ఇచ్చేదాన్ని. ఎందుకని మీ అన్నయ్యని అడిగి జవాబు విన్నోళ్ళెవరైనా ఉన్నారా ఈ ఊళ్ళో?"

ఆ సమయానికి పోలయ్య బాబాయి వచ్చాడు. మా నాన్నకు తమ్ముడి వరస. ఊళ్ళో చెక్క పడవలున్న రోజుల్లో వాటి సందులు పూడ్చడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఇప్పుడన్నీ ఫైబరు పడవలైపోయి, ఆయన చేతులకు పని లేకుండా పోయింది. చూపు మందగించింది గాని వేళ్ళు మాత్రం ఇంకా చూస్తాయి. వంగి, చట్రం అడుగున చెయ్యి పోనిచ్చాడు.

"ఒరే చిన్నోడా! ఇదేంట్రా, ఇన్ని చిల్లులా?"

"ఉన్నాయి బాబాయ్. అన్నయ్య ఈనెలు గుచ్చాడు."

బాబాయి చాలాసేపు ఆలోచించాడు. నా వంశంలో ఆలోచన ఎప్పుడూ కీడే చేస్తుంది.

"పాపం, పూడ్చడానికి తీరిక లేక పుల్ల గుచ్చి ఊరుకున్నట్టున్నాడ్రా. పుల్లకి నీరాగుద్దా? ఆ చిల్లుల్లోంచే నీళ్ళెక్కి లోపల్నుంచి తినేస్తోంది బండిని. ముందు చిల్లులు మూసి అప్పుడు రంగెయ్యి. చిల్లు మీద రంగేసేవోణ్ణి నిన్నే చూస్తున్నాను."

మిత్రులారా, నన్ను నిందించే ముందు ఒక్కటి గమనించండి. మేము పడవల మీద బతికినవాళ్ళం. మా ఇళ్ళలో పిల్లవాడు నడక నేర్చే వయసులోనే ఇంకొకటి కూడా నేర్చుకుంటాడు: అడుగున చిల్లు కనబడితే మూసెయ్యాలి. అది ఆలోచించి చేసే పని కాదు. దోమ వాలితే చెయ్యి లేవడం లాంటిది. అంతటి తర్కం, అంతటి పెద్దమనిషి నోటివెంట వస్తే కాదనడానికి నాకెక్కడుంది విజ్ఞానం? పైగా పడవ సందుల్లో కుక్కే ముద్ద కలిపే పద్ధతి, నాన్న దగ్గర చూసి, నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గుగ్గిలం పొడి చేసి, నూనెలో కాచి, దూదితో పిసికి పాకం పట్టడం. పుస్తకాలు పట్టక ముందు నా చేతులు నేర్చుకున్న ఒకే ఒక్క విద్య అది. ఇన్నేళ్ళకు పనికొచ్చిందని పొంగిపోయాను.

ఈనెలన్నీ పీకి పారేశాను.

ఇక చూడండి సంబరం! పడవ పని జరుగుతోందన్న కబురు వాడంతా పాకింది. గుగ్గిలం కాగే వాసన ఊళ్ళో చాలా కాలం తర్వాత లేచింది మరి. ముసలివాళ్ళంతా పెరట్లోకి చేరారు. తలా ఒక వైపు వంగి చిల్లులు వెతికిపెట్టడం మొదలుపెట్టారు.

"ఇదిగో, ఇక్కడొకటి వదిలేశావయ్యా లెక్చరరూ!"

"ఆ మూల చూడు, ఆ మూల! చదువుకున్నోడికి మూలలు కనపడవు."

"గట్టిగా కుక్కు! చేత్తో కాదు, కర్రెట్టి దిమ్మించు!"

నేను కుక్కాను. దిమ్మించాను. అడుగున, పక్కల, ఎక్కడ చెయ్యి దూరితే అక్కడ ప్రతి చిల్లునూ బిగించాను. పైవైపు, చేపలు పోసే తొట్టి కింద, చెయ్యి దూరని చోట కొన్ని ఉండిపోయాయి. "పైచిల్లు ఏం చేస్తదిలే, నీళ్ళు కిందనుంచి కదా వచ్చేది," అని బాబాయి తేల్చేశాడు. పడవ విషయంలో అది అక్షరసత్యం.

ముద్ద గట్టిపడ్డాక ఎర్ర ప్రైమరు వేశాను. దాని మీద నల్ల రంగు. అబద్ధం ఎందుకు, చట్రం నిగనిగలాడింది. బాబాయి కింద మొత్తం వేళ్ళతో తడిమి చూసి, "మీ నాన్న చెయ్యే," అన్నాడు. ఏసుబాబు చేతులు జోడించి, "స్తోత్రం," అన్నాడు. వదిన వంగి చూసింది. పారేసిన ఈనెలను ఒక్కొక్కటీ ఏరి, కట్టగట్టి, చూరులో దోపింది. పొయ్యిలోకి పనికొస్తాయని కాబోలు అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి బండి మళ్ళీ రేవుకు వెళ్ళింది. చేపలు, ఐసు, చేపలు, ఐసు. ఐసు కరిగిన నీళ్ళు తొట్టి సందుల్లోంచి కారుతూనే ఉన్నాయి. ఎటు పోతున్నాయని ఎవరూ అడగలేదు. ఇదివరకు బండి ఆగిన చోటల్లా కింద తడి మరక ఉండేది. ఇప్పుడు లేదు. అది నా ఘనతేనని అందరం అనుకున్నాం.

ఆదివారం నా భార్య సుజాత పల్లెకు వచ్చింది. నిడదవోలు అమ్మాయి, రైల్వే క్వార్టర్సులో పెరిగింది. నా పనితనం చూపిద్దామని బండి దగ్గరికి తీసుకెళ్ళాను. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏవండీ, ఇక్కడేదో కుళ్ళిందండీ."

"చేపల బండి చెల్లీ," అంది వదిన. "మల్లెపూల బండి కాదు."

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. ఆమె అలవాటు కొద్దీ అన్న మాట అది. చేపల వాళ్ళకు చేపల వాసన తెలియదు, అదే మా దౌర్భాగ్యం. నీసు వాసనకు, కుళ్ళు వాసనకు మధ్య గీత ఎక్కడుందో ఆ పెరట్లో ఒక్క సుజాతకే తెలిసింది. ఆవిడ మాట వినే అలవాటు నాకు లేదని ఆవిడకు ఎప్పుడో తెలుసు.

ఎఫ్‌సీ రోజు వచ్చింది. ఏసుబాబు స్టీరింగు ముందు, నేను పక్కన, ఇస్త్రీ చొక్కాలో. వదిన గుమ్మంలో నిలబడి, "తుక్కు ఆయనకి సాయంత్రం ఫోన్ చేసి చెప్తానన్నాను, ఏ సంగతీ," అంది. అంతే. బండి కదిలింది.

ఊరు దాటి కాలవ గట్టు ఎక్కాక, మలుపులో ఒక చప్పుడు వినబడింది. అడుగునుంచి, గుడగుడమని, ఎవరో గొంతులో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు.

"ఏసుబాబూ, ఏంటది?"

"ట్యాంకులో డీజిలండి మాస్టారు. ఫుల్లు కొట్టించానండి."

బ్రేకు వేసినప్పుడల్లా అది ముందుకు పరుగెత్తేది. గేరు మార్చగానే వెనక్కి తగ్గేది. నేను కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నాను. ఒడ్డున కట్టిన పడవ అడుగున అలలు తట్టే చప్పుడది. చిన్నప్పుడు అన్నయ్యా నేనూ పడవలో పడుకుని విన్న చప్పుడు. పోయినవాళ్ళు పూర్తిగా పోరు, తమ పని చేసిన ఇనుములో ఎక్కడో మిగిలి ఉంటారు అనుకున్నాను. కళ్ళు చెమర్చాయి. దీని మీద ఒక వ్యాసం రాయాలని కూడా నిశ్చయించుకున్నాను. చేప రక్తం, కరిగిన ఐసు కలిసి కుళ్ళి చట్రంలో అటూ ఇటూ దొర్లుతుంటే, దాన్ని విని కన్నీళ్ళు పెట్టుకున్న వ్యాసకర్త ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయివుంటాను.

ఎఫ్‌సీలు చేసే మైదానంలో బళ్ళు బారులు తీరి ఉన్నాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు నెమ్మదస్తుడు, నా వయసువాడే. లైట్లు చూశారు, హారను కొట్టించారు. "కొంచెం ముందుకి పోనిచ్చి బ్రేకు వెయ్యి," అన్నారు. ఏసుబాబు వేశాడు. బండి ఆగింది. ఆగిన తర్వాత లోపల ఏదో వెళ్ళి ధబ్బున కొట్టుకుంది. బండి మళ్ళీ ఒక జానెడు ముందుకు ఊగింది.

ఇన్‌స్పెక్టరు గారు కనుబొమలెత్తారు. "ఏంటండీ అది?"

"డీజిలండి," అన్నాడు ఏసుబాబు.

"డీజిలు అలా ఊగదే!"

ఆయన అనుమానంగా వంగుతున్నారు. నా రంగు చూపించే అవకాశం వచ్చిందని నేను ముందుకు ఉరికాను.

"సార్, మీరు చూడవలసింది ఛాసీ సార్. స్వయంగా నేనే చేశాను. గీకి, రుద్ది, ప్రైమరు వేసి..." అంటూ ఆయనకంటే ముందే బండి కింద వెల్లకిలా పడుకున్నాను. "ఇటు చూడండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క చిల్లు లేదు సార్!"

ఆయన బూట్లు రెండడుగులు దగ్గరికొచ్చాయి.

"చిల్లు లేదా?"

"ఒక్కటీ లేదు సార్. అన్నీ మూసేశాను."

"ఎందుకు మూశారండీ?"

"నీళ్ళు ఎక్కుతాయని."

"నీళ్ళు ఎక్కడం ఏంటండీ? ఇదేమన్నా పడవా?"

ఆ ప్రశ్న నా చెవిలో పడి, మెదడు దాకా వెళ్ళి, అక్కడ కూర్చోవడానికి చోటు వెతుక్కుంటోంది. ఈలోగా ఆయన, "అవి నీళ్ళు పోవడానికి పెట్టిన చిల్లులండీ. ఒకటి తీయండి చూద్దాం," అంటూ స్క్రూడ్రైవరు నా చేతికిచ్చారు.

ఇక్కడ వివేకవంతుడైతే పక్కకు జరుగుతాడు. నేను తల సరిగ్గా చిల్లు కింద పెట్టుకుని, గురి చూసి, నాన్నగారి పద్ధతిలో దిమ్మించిన ఆ ముద్దను పొడిచాను. గట్టి పని కదా, మొదట రాలేదు. రెండు చేతులతో పట్టి పొడిచాను.

వచ్చింది!

ఎలా చెప్పాలి? ముద్ద ముందు వచ్చి నుదుటి మీద తగిలింది. దాని వెనక అన్ని రోజుల ఐసు నీళ్ళు, చేప రక్తం, పొలుసులు, చల్లగా, చిక్కగా, బొటనవేలంత ధారగా నా కళ్ళజోడు మీద పడ్డాయి. అరుద్దామని నోరు తెరిచాను. ఇంతకు ముందే చెప్పాను కదా, బండి కింద నోరు తెరవకూడదు. పక్కకు దొర్లాను. చొక్కా దేనికో తగులుకుంది. ధార మెడ మీదికి, అక్కణ్ణుంచి ఇస్త్రీ చొక్కాలోకి దారి చూసుకుంది. పైన ఇన్‌స్పెక్టరు గారు బూట్లు కాపాడుకోవడానికి వెనక్కి గెంతడం, వరసలో ఉన్న ఆటోల వాళ్ళు, "బాబోయ్, ఏంట్రా ఈ కంపు!" అని పరుగులు తీయడం వినబడింది. ఎక్కణ్ణుంచి వచ్చాయో కాకులు వచ్చాయి.

నన్ను కాళ్ళు పట్టుకుని బయటికి లాగారు. ఇన్‌స్పెక్టరు గారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చాలా మర్యాదగా అన్నారు. "పెయింటు బాగుందండి. నిజంగా బాగుంది. చిల్లులన్నీ తెరిచి, లోపల కడిగించి, ఆరబెట్టి మళ్ళీ తీసుకురండి. ఇవాళ మాత్రం వెళ్ళిపోండి. దయచేసి."

తిరుగు ప్రయాణంలో ఏసుబాబు పాడలేదు. కిటికీలోంచి తల బయట పెట్టి నడిపాడు. నేను మాత్రం ఒక్కటే ఆలోచిస్తున్నాను. సాయంత్రం ఫోన్ చేస్తానంది. బండి తుక్కులోకి పోతుంది. తుప్పు ఎన్నో ఏళ్ళు కష్టపడి చేయలేని పని నేను సెలవుల్లో చేసేశాను. ఆ చట్రాన్ని లోపల్నుంచి ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, బయట నిగనిగలాడే రంగు వేశాను.

బండి పెరట్లో ఆగింది. వదిన గుమ్మంలోకి వచ్చింది. నెత్తి మీంచి కాళ్ళ దాకా చూసింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయి, చెవి వెనక పొలుసు మెరుస్తూ నిలబడ్డాను.

"ఎందుకలా తడిసిపోయారు?"

జరిగినదంతా చెబుదామనే నోరు తెరిచాను. ప్రమాణపూర్తిగా చెబుతున్నాను, చెబుదామనే. కాని ఆ చేపల పెరట్లో, ఆ గుమ్మం ముందు, నా నోట వచ్చిన మాట ఇది:

"వానొచ్చింది వదినా."

ఆకాశంలో మబ్బు తునక లేదు. కొబ్బరాకు కదలడం లేదు. వదిన ఒకసారి ఆకాశం వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఆమె ముఖంలో ఏదో మారింది. గుమ్మం మీద అలాగే చతికిలబడింది.

"మీ అన్నయ్య కూడా," అంది నెమ్మదిగా. "బండి కొన్న ఏడు. ఎండాకాలమే. ఎఫ్‌సీకని వెళ్ళి ఇలాగే వచ్చాడు, ఇదే కంపుతో. ఎందుకలా తడిసిపోయావంటే వానన్నాడు. ఊళ్ళో చుక్క పళ్ళేదు. నేనేం మాట్లాడలేదు, నీళ్ళు తోడిచ్చాను. తర్వాత వారం ఈనెలు చీరి ఇమ్మన్నాడు." చూరు వైపు చూసింది. "అప్పణ్ణుంచి ఏటా చీరిచ్చాను. ఎందుకో ఇవాళ తెలిసింది."

నాకూ అప్పుడే తెలిసింది. బురదకు చిల్లు పూడిపోకుండా, బండి ఊగినప్పుడల్లా ఊగుతూ దాన్ని తెరిచి ఉంచే ఈనె! అయితే అది ఆయన పుట్టుకతో తెచ్చుకున్న తెలివి కాదు. ఆయనా ముందు గుగ్గిలం కాచాడు. ఆయనా చిల్లులన్నీ మూశాడు. బహుశా ఈ బాబాయే వచ్చి వేళ్ళతో తడిమి మెచ్చుకుని ఉంటాడు. ఆ తడి బట్టలతో ఇంటికొచ్చి, సిగ్గుపడి, ఆ సంగతి బతికున్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. నేనెంత పూజించిన మౌనమది! అందులో ఇంత నీళ్ళుంటాయని ఎవరనుకున్నారు?

వదిన భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడే ఉండండి మరిదిగారూ...!" అంది. దీర్ఘం తీసి, పూర్తిగా సాగదీసి. "మీ వానొకటీ, మీరొకటీ! దగ్గరికొస్తే వాంతవుద్ది."

నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా నవ్వుతోంది. కార్తీకం తర్వాత అదే మొదలు. లోపల ఫోను మోగింది. తుక్కు కొనే ఆయన. వదిన ఎత్తి, "మా బండి అమ్మట్లేదండి. రిపేర్లో ఉంది," అని పెట్టేసింది. చూరులోంచి ఈనెల కట్ట తీసి నా ముందు పడేసింది. ముందు స్నానం చేయమంది, తర్వాత చిల్లులు తెరవమంది.

మూయడం కంటే తెరవడం కష్టమని ఆ తర్వాత తెలిసింది. బాబాయి పక్కన కూర్చుని, ప్రతి ముద్ద ఊడినప్పుడల్లా, "ఎంత గట్టిగా కుక్కావురా! పడవైతే వందేళ్ళుండేది," అని బాధపడ్డాడు. చివరికి ఎఫ్‌సీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు ఈసారి దూరం నుంచే చూసి సంతకం పెట్టారు.

అన్నయ్య ఈనె పెట్టి ఊరుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. నేను ఈనే పెట్టాను, ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతున్నాను. మా ఇద్దరికీ ఉన్న తేడా అదొక్కటే. అన్నట్టు, ఆ కళ్ళజోడు కాలేజీకి పెట్టుకెళితే పిల్లులు నాతో పాటు క్లాసు దాకా వస్తున్నాయి. మా పిల్లలకంటే అవే శ్రద్ధగా వింటున్నాయి.

మీ టీ చల్లారిపోయినట్టుంది.